వెంకటేష్ పేరు మీద సీసా

శవం మట్టిరోడ్డుకు అడ్డంగా పడి ఉంది.

టైము మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవై. త్రిపురాంతకం నుంచి గుట్టకిందపల్లెకు పోయే దారి. రెండు పక్కలా కోతకొచ్చిన కంది చేలు.

మెడ సగం తెగింది. తల భుజం మీదికి ఒరిగిపోయింది. కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. కుడిచేతి వేళ్ళు గొంతు గాయంలోనే ఇరుక్కుని ఉన్నాయి. పాపం, ఆ రక్తాన్ని చేత్తో ఆపబోయాడు. అది ఆగలేదు. బారెడు మేర మట్టి తడిసి నల్లబడింది. ఈగలు ముసురుతున్నాయి.

ఎస్సై ప్రియదర్శిని ముక్కుకు కర్చీఫ్ అడ్డం పెట్టుకోలేదు. పెట్టుకుంటే వాసన ఏమీ తగ్గదు, చూపే తగ్గుతుందని ఆవిడ నమ్మకం. టేపు వచ్చేలోగా అడుగులతో కొలవడం ఇంకో అలవాటు. శవం దగ్గర్నుంచి మొదలుపెట్టి, గుట్టకిందపల్లె వైపు రోడ్డు వెంట నడుచుకుంటూ పోయింది.

ముప్పై నాలుగు అడుగులు. అక్కడ ఒక పాత మోపెడ్ కంది చేలో దూరి పడి ఉంది. తాళం ఆన్‌లోనే ఉంది. సైలెన్సర్ ఇంకా వేడిగా ఉంది.

"మగోడి దెబ్బ మేడం," అన్నాడు హెడ్ కానిస్టేబుల్ మస్తాన్. ఇరవై ఆరేళ్ళ సర్వీసు. "ఎద్దు లాంటోడు ఒకడు ఎదురు నిలబడి ఒక్కటే ఏటు ఏసినాడు."

"ఎవరితను?"

"గిద్దలూరు కృష్ణయ్య మేడం. ఒకప్పుడు కాంపౌండరు. ఇప్పుడు చుట్టుపక్కల క్యాన్సర్ పేషెంట్లకు నెలనెలా గుంటూరు నుంచి మందులు తెచ్చిస్తాడు. మంచం పట్టినోళ్ళు అంతదూరం పోలేరు గదా. వాళ్ళ కాగితాలు, ఖాళీ సీసాలు తీసుకుని ఈయన రైలెక్కుతాడు. దొనకొండలో దిగి మోపెడ్ మీద ఊళ్ళు తిరిగి పంచుతాడు."

శవం పక్కనే గుడ్డసంచి ఉంది. అందులో మందుల కవర్లు ఐదు. కవరు మీద పేరు, ఊరు. జేబులో మడిచిన చీటీ ఒకటి దొరికింది. చీటీలో పేర్లు ఆరు.

పర్సు, ఫోను, చేతి ఉంగరం అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. లేనిది ఒక్క కవరు. పేరు వెంకటేష్. ఊరు గుట్టకిందపల్లె.

ప్రియదర్శిని అక్కడే నిలబడి గుంటూరు ఆసుపత్రికి ఫోన్ చేసింది. మందులిచ్చే అమ్మాయి లైన్లోకి వచ్చింది.

"వెంకటేష్‌కు ఇచ్చింది ఏం మందు?"

"బ్లడ్ క్యాన్సర్ మాత్రలు మేడం. సీసాకు ముప్పై. రోజుకొకటి. బయట కొంటే సీసా లక్షా ఇరవై వేలు."

"అంత డబ్బు కట్టాడా?"

"లేదు మేడం. లేనివాళ్ళకు కంపెనీయే ఉచితంగా ఇచ్చే స్కీము ఒకటుంది. పాత ఖాళీ సీసా వెనక్కి ఇస్తేనే కొత్తది ఇస్తాం. ఆరునెలలకోసారి పేషెంట్ స్వయంగా కనబడాలి. వెంకటేష్ అక్టోబరులో వచ్చాడు. మళ్ళీ ఏప్రిల్లో రావాలి."

అప్పటికి ఫిబ్రవరి పదమూడు.

ప్రియదర్శిని ఫోన్ జేబులో పెట్టుకుంది. "మామూలు దొంగయితే సంచీ మొత్తం ఎత్తుకుపోతాడు మస్తాన్. వీడికి ఏ సీసా కావాలో తెలుసు."

* * *

రెండూ నలభై ఐదు.

వెంకటేష్ ఇల్లు ఊరి మొదట్లోనే ఉంది. రేకుల ఇల్లు, ముందు చిన్న మేకల దొడ్డి, పక్కన తీగమీద తడిచీర. దొడ్డిలో నాలుగు మేకపిల్లలు ఒకటే అరుపు.

గుమ్మంలో వెంకటేష్ తల్లి శేషమ్మ కూర్చుని ఉంది. అరవై దాటిన మనిషి. చేతులు కందిపుల్లల్లా ఉన్నాయి. ఒక చేత్తో ఎదురురొమ్ము పట్టుకుని ఊపిరి తీసుకుంటోంది. వెనకాల కోడలు ఇందు. నుదుట బొట్టు, చేతినిండా గాజులు.

"కృష్ణయ్యను చంపేశారు పెద్దమ్మా. తెలుసా?"

"ఊరంతా చెప్పుకుంటాండారు తల్లీ."

"మీ అబ్బాయి సీసా పోయింది. అబ్బాయి ఎక్కడ?"

ఇందు అందుకుంది. "హైదరాబాదులో ఉన్నాడు మేడం. డిసెంబరు నుంచి ఆడనే. ఇంకో డాక్టరుకు చూపిచ్చుకుంటన్నాడు."

"మరి మందు?"

"సీసా ఇంటికొచ్చినాక నేనే పంపిస్తా."

"ఒకసారి ఫోన్ కలుపు, మాట్లాడతాను."

"ఛార్జింగ్ ఉండదు మేడం ఆయన ఫోన్లో. ఆయనే చేస్తాడు."

"నువ్వు పొద్దున ఎక్కడున్నావు పెద్దమ్మా?"

"మేకపిల్లలకు కొమ్మలు కొట్టను పోయినా. ఎండెక్కినాక వచ్చేసినా."

ప్రియదర్శిని వంగి ముసలామె చేయి పట్టుకుంది. చల్లగా ఉంది ఆ చేయి. "అబ్బాయికి ఏమీ కాదులే. సీసా దొరుకుతుంది. మళ్ళీ వస్తాను పెద్దమ్మా."

శేషమ్మ చేయి చటుక్కున వెనక్కి లాక్కుంది.

"ఆ మాట అనబాక తల్లీ. లేచి చెప్పకుండా పోండి."

పోలీసులంటే అందరికీ విసుగే. ప్రియదర్శిని పట్టించుకోలేదు. దొడ్డిలో పిల్లలు అరుస్తూనే ఉన్నాయి.

* * *

మస్తాన్ గంటలో ఊరి కబుర్లన్నీ పోగేసుకొచ్చాడు.

"పేరు ఏడుకొండలు మేడం. గొర్రెలు కాస్తాడు. పెళ్ళాం మల్లి. ఆ పిల్లకూ ఇదే జబ్బు, ఇదే మందు. స్కీములో కొత్తోళ్ళను తీసుకోవడం ఆపేసినామని మూడుసార్లు తిప్పి పంపినారంట. ఎనభై గొర్రెలుండేవి. మందుకోసం అమ్ముకుంటా అమ్ముకుంటా వచ్చి పదకొండు మిగిలినాయి. ఆఫీసులు తిరిగినాడు, పెద్దోళ్ళ లెటర్లు తెచ్చినాడు, ఏదీ పనిచేయలా. మొన్న మార్కాపురం బస్టాండులో కృష్ణయ్య కాలర్ పట్టుకుని చంపుతానన్నాడంట. పది మంది చూసినారు."

ఇంకేం కావాలి? ఏ ఎస్సైకైనా ఇంతకంటే తేలికైన కేసు దొరకదు.

ఏడుకొండలు దొడ్డి దగ్గరికి జీపు పోయేసరికి నాలుగూ యాభై. అప్పటికే ఆలస్యమైపోయింది.

కృష్ణయ్య బామ్మర్ది గిద్దలూరు నుంచి ఆటోలో ముగ్గుర్ని వేసుకుని దిగాడు. గడకర్రలు, ఇనుపపైపు. ఏడుకొండలు దొడ్డి ముళ్ళకంప మీద వెల్లకిలా పడి ఉన్నాడు. ముఖం గుర్తుపట్టేలా లేదు. ఒకడు ఛాతీ మీద కూర్చున్నాడు. ఇంకొకడు ఎడంచేతిని రాయి మీద పెట్టి పైపుతో కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు జీపులోకి వినిపించింది. మల్లి అడ్డం పడింది. జుట్టు పట్టుకుని ఈడ్చి అవతల పారేశారు. గొర్రెలు బెదిరి ఒకదాని మీద ఒకటి పడి తొక్కుకుంటున్నాయి.

ప్రియదర్శిని జీపు ఆగకముందే దూకింది. మొదటి లాఠీ దెబ్బ పైపు పట్టుకున్నవాడి మణికట్టు మీద. రెండోది మోకాలి మీద. వాడు కుప్పకూలాడు. బామ్మర్ది కర్ర ఎత్తాడు. అది ఆవిడ భుజాన్ని రాసుకుంటూ పోయింది. మస్తాన్ వాడిని నడుం దగ్గర వాటేసుకుని మట్టిలో పడేసి, మీద కూర్చున్నాడు.

"రివాల్వర్ తియ్యమంటారా?" అంది ప్రియదర్శిని, ఊపిరి అందక. మిగతా ఇద్దరూ కర్రలు కింద పడేశారు.

ఏడుకొండలు పక్కకు తిరిగి రక్తం ఉమ్మాడు. రెండు పళ్ళు దాంతో పాటే వచ్చాయి.

"నేనే," అన్నాడు. "నేనే చంపినా. ఇంకెవుర్నీ అడగబాకండి."

"సీసా ఏది?"

"కాలవలో ఇసిరేసినా."

మల్లి మొగుడి వైపు చూసింది. ఏదో అనబోయింది. అతను తల అడ్డంగా ఊపాడు.

* * *

మర్నాడు పొద్దున తొమ్మిదిన్నర. త్రిపురాంతకం పోలీస్ స్టేషన్ వెనక వరండా.

ఏడుకొండలు ఎడంచేతికి కట్టు కట్టి ఉంది. ప్రియదర్శిని అతని ఇంట్లో దొరికిన దోటిని కుడిచేతికి ఇచ్చింది. ఎనిమిదడుగుల వెదురుకర్ర, కొసకు కొక్కెంలా వంగిన కొడవలి. మేకలకూ గొర్రెలకూ చెట్టు కొమ్మలు దించడానికి ఈ ఊళ్ళలో ప్రతి దొడ్డిలోనూ ఒకటుంటుంది. దీని కొడవలి నిండా ఎండిపోయిన తుమ్మజిగురు. రక్తం జాడే లేదు.

"ఎట్లా చంపావో చూపించు."

"ఎదురుగా నిలబడినా. నరికినా."

"ఎన్ని దెబ్బలు?"

"రెండు. కాదు, మూడు."

"బండి మీద ఉన్నాడా, దిగాడా?"

అతను తడుముకున్నాడు. "దిగినాడు."

పదకొండుకు మార్కాపురం నుంచి పోస్టుమార్టం చేసిన డాక్టరు ఫోన్ వచ్చింది. "ఒక్కటే గాటు ఎస్సై గారూ. గొంతు ముందువైపు మొదలై పక్కకు, వెనక్కి పోయింది. కొట్టింది కాదు, లాగింది. ఇంకోటి. అతని కుడి బూటు మొనకు పసుపురంగు నూలుపోగు ఒకటి చిక్కుకుని ఉంది."

ప్రియదర్శిని ఫోన్ పెట్టేసి, దోటి అందుకుని కొడవలి పదును వేలితో తడిమి చూసింది.

"మస్తాన్, పెళ్ళాం ప్రాణం కోసం మనిషిని చంపినవాడు ఆ మందును కాలవలో పారేస్తాడా?"

"పారేయడు మేడం."

"మూడుసార్లు తిప్పి పంపించారు, కొనే శక్తి లేదు. మరి నిన్న మల్లి నలుగురు మగాళ్ళకు అడ్డం పడింది. మందు లేకపోతే ఈపాటికి మంచం దిగలేని మనిషి. ఇన్నాళ్ళ నుంచీ ఎవరి మాత్రలు మింగుతోంది?"

ఆవిడ దోటిని జీపు మీద కట్టించి, గిద్దలూరుకు బండి తియ్యమంది.

* * *

ఒంటిగంటా నలభై. గిద్దలూరు.

కృష్ణయ్య భార్య శ్రీదేవి గోడకానుకుని కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. ప్రియదర్శిని పక్కన చాపమీదే కూర్చుంది.

"గుట్టకిందపల్లె వెంకటేష్ వాళ్ళ గురించి ఎప్పుడన్నా చెప్పేవాడా?"

"డిసెంబరులో వాళ్ళతో హైదరాబాదు పోయినాడు మేడం. మూడోరోజు వచ్చినాడు. గుమ్మం బయటే బట్టలతోనే నెత్తిన నీళ్ళు పోసుకుని లోపలికొచ్చినాడు. ఎవురు పోయినారని అడిగితే నోరు ముయ్యమన్నాడు."

"ఏ రోజు?"

"ఎనిమిదో తారీకున బయలుదేరినాడు."

ఇక అడగడానికేమీ లేదు. ప్రియదర్శిని లేచింది. చెప్పులేసుకుని, అలవాటుకొద్దీ వెనక్కి తిరిగి నోరు తెరిచింది. "వస్తా..."

సగంలో ఆగిపోయింది. బయట జీపు దగ్గరున్న మస్తాన్‌కు ఏమైందో అర్థం కాలేదు.

"బండి తియ్యి," అంది ఆవిడ వచ్చి కూర్చుంటూ. "గుట్టకిందపల్లె పద. మన వీఆర్వోకు ఫోన్ చెయ్యి, పంచనామాకు సాక్షి కావాలి. ఏడుకొండలునూ మల్లినీ కూడా అక్కడికే తీసుకురమ్మను."

* * *

నాలుగున్నర. శేషమ్మ ఇంటి ముందు.

ఏడుకొండలు నేలమీద కూర్చున్నాడు. పక్కన మల్లి. గుమ్మంలో శేషమ్మ, వెనక ఇందు. వీఆర్వో గోడవారన నిలబడ్డాడు.

ప్రియదర్శిని ఏడుకొండలు దోటి చేతిలోకి తీసుకుంది.

"దీని పదును కొడవలికి లోపలివైపు ఉంటుంది. దీంతో నరకడం కుదరదు. కొమ్మకు తగిలించి లాగాలి. పుట్టినప్పటి నుంచీ దోటి పట్టిన ఏడుకొండలుకు ఈ సంగతి తెలియదా? తెలుసు. కానీ చంపింది అతను కాదు. అందుకే ఎట్లా చంపారో చెప్పలేక, సినిమాలో చూసినట్టు నరికానన్నాడు."

"నేనే చంపినా మేడం," అన్నాడు ఏడుకొండలు.

"నువ్వు ఎదురు నిలబడితే బండి నిన్ను గుద్దేది. బండి శవానికి ముప్పై నాలుగు అడుగుల ముందుంది. అంటే కృష్ణయ్య బండి మీద వెళ్ళిపోతున్నాడు. వెనకనుంచి ఎవరో మెడకు దోటి తగిలించారు. బండి ఆగలేదు. ఆ వేగమే గొంతు కోసింది. చంపినవాళ్ళు కర్ర వదలకుండా పట్టుకుంటే చాలు. ఎద్దులాంటి మగాడు అక్కర్లేదు మస్తాన్. నేనూ నిన్న నీలాగే పొరబడ్డాను."

మేకపిల్లలు అరిచాయి.

"నిన్న కూడా ఇవి ఇట్లాగే అరిచాయి. పెద్దమ్మ కొమ్మలు కొట్టను పోయానంది. దొడ్డిలో ఒక్క రెమ్మ లేదు. దూలానికి దోటి వేలాడదీసే కొక్కేలున్నాయి, దోటి లేదు. రొమ్ము పట్టుకుని ఊపిరి తీస్తోంది. కృష్ణయ్య బూటుకు పసుపు నూలుపోగు ఉంది. నిన్న నేనొచ్చేసరికే ఉతికిన పెద్దమ్మ చీర ఆ తీగమీద ఆరేసుంది. దాని రంగు చూడండి."

ఇందు ముందుకొచ్చింది. "మా మందు మాకు తెచ్చిచ్చే మనిషిని మేమెందుకు చంపుకుంటాం మేడం? మా ఆయన ప్రాణం..."

"మీ ఆయన లేడమ్మా."

ఇందు అత్త వైపు చూసింది.

"నిన్న నేను ఈ గుమ్మంలో మళ్ళీ వస్తానన్నాను. చావు జరిగిన ఇంట్లో ఆ మాట అనకూడదని మా అమ్మ కూడా నాకు నేర్పింది. పెద్దమ్మ చెప్పకుండా పొమ్మంది. బతికున్న కొడుకును చూసుకునే తల్లి ఆ మాటకు ఎందుకు ఉలిక్కిపడుతుంది? నువ్వు గాజులు తియ్యలేదు, బొట్టు చెరుపుకోలేదు. ఊరినీ ఆసుపత్రినీ నమ్మించారు. ఆ ఒక్క మాట దగ్గర మాత్రం ముసలామె ప్రాణం ఒప్పుకోలేదు. ఇంకో చావు గడపలోకి వస్తుందని భయపడింది."

శేషమ్మ తల ఎత్తింది.

"నా కొడుకు డిసెంబరు తొమ్మిదిన పోయినాడు తల్లీ. హైదరాబాదులో, ఒక చిన్న గదిలో. చెప్పబాకండని అన్నది కృష్ణయ్యే. చెప్తే సీసా ఆగిపోతది, దాచిపెడితే ఇంకొకరన్నా బతుకుతారన్నాడు. మంచి మాటే అనుకున్యాం. వాడికి మిగిలిన మాత్రలు, జనవరిలో వచ్చిన సీసా, మల్లికిచ్చినాం. ఈ నెల ఏమైందో, గుంటూరులో కొనే మనిషి దొరికినాడంట. సీసా ఈయనన్నాడు. నా బిడ్డ పేరు రాసిన సీసా."

"రోడ్డు మీద కలిశావా?"

"చేను గట్టున కొమ్మలు కొడతాండా. బండి ఆపినా. కాళ్ళు పట్టుకున్యా. ఎదురురొమ్ము మీద బూటుకాలితో తన్నినాడు. జేబులోంచి సీసా తీసి చూపిచ్చి, చచ్చినోడికి మాత్రలెందుకే ముసలిదానా అని నవ్వినాడు. బండి కదిలించినాడు." ఆమె చేతులు గాలిలోకి లేచాయి, దోటి పట్టుకున్నట్టే. "కొమ్మకేసినట్లే ఏసినా. కర్ర వదల్లా. మనిషి వెనక్కి పడినాడు. రక్తం నా మొహాన కొట్టింది. వాడు నా కొంగు పట్టుకున్నాడు. వాడి చెయ్యి జారినదాకా చూసి, జేబులోంచి సీసా తీసుకున్యా. కర్ర పొయ్యిలో పెట్టినా. కొడవలి కుడితితొట్టిలో ఉంది."

"నువ్వు చూశావు," అంది ప్రియదర్శిని ఏడుకొండలుతో.

"గుట్టమీదనుంచి చూసినా. శేషమ్మత్తను పట్టుకుంటే అంతా బయటపడతది మేడం. నేను లోపలికి పోతే ఇందు పోయి సీసా తెచ్చేది. మా మల్లికి మందు వచ్చేది."

"ఎన్నాళ్ళు? ఏప్రిల్లో వెంకటేష్ ఆసుపత్రిలో కనబడాలి. మహా అయితే ఇంకో సీసా వచ్చేది. ఒక్క సీసా కోసం చేయని హత్యకు జైలుకు పోతావా?"

జవాబు మల్లి చెప్పింది. "అప్పటికి ఏదో ఒకటి దొరక్కపోదా అనుకున్యాం మేడం. నిన్న పొద్దున్నే ఆఖరి మాత్ర మింగినా."

శేషమ్మ లోపలికి పోయి జొన్నల కుండలోంచి సీసా తెచ్చింది. సీలు తియ్యలేదు. మూత అంచున రక్తం ఎండి ఉంది. పేరు కనబడేలా కొంగుతో మళ్ళీ ఒకసారి తుడిచింది.

అప్పుడు ఏడ్చింది. రెండు నెలలుగా ఆ ఇంట్లో ఎవరూ గొంతెత్తి ఏడవలేదు. ఏడిస్తే ఊరికి తెలిసిపోతుంది. "నాయనా వెంకటేషూ" అని గుండెలు బాదుకుంటూ గడప మీద పడింది. ఇందు నేలకు కూలబడి అత్త వీపు మీద తల పెట్టింది. గాజులు గడపకు తగిలి పగిలాయి. ఇరుగుపొరుగు పరుగెత్తుకొచ్చారు. ఎవరు పోయారని ఒకరినొకరు అడుగుతున్నారు.

ప్రియదర్శిని సీసా చేతిలోకి తీసుకుంది. ఇది హత్యకేసులో సాక్ష్యం. సీలు వేసి కోర్టుకు పంపాలి. కోర్టు బీరువాలో అది ఎన్నేళ్ళుంటుందో ఆవిడకు తెలుసు. రేపట్నుంచి వెంకటేష్ పేరు మీద ఇంకో సీసా రాదని కూడా తెలుసు. రాకుండా చేసింది తనే.

జీపు తాళంచెవితో సీలు చించింది.

"కొంగు పట్టు మల్లీ."

ముప్పై మాత్రలూ కొంగులో పడ్డాయి.

"రాసుకో మస్తాన్. వెంకటేష్ అనే పేరు గల ఖాళీ సీసా ఒకటి."

మస్తాన్ పెన్ను ఆగింది. "ఇప్పుడే గదా మేడం..."

"కోర్టులో అడిగితే నేను చెప్పుకుంటాను. రాయి."

మస్తాన్ రాశాడు. వీఆర్వో మేకపిల్లల వైపు చూస్తూ సంతకం పెట్టాడు. ఏడుకొండలు కుడిచేత్తో పెళ్ళాం కొంగు మూట బిగించాడు. ముప్పై రోజులు. ఆ తర్వాత ఏమిటో అక్కడున్న ఎవరికీ తెలియదు.

మహిళా కానిస్టేబుల్ శేషమ్మను జీపు ఎక్కించింది. ఆమె ఏడుపు ఇంకా ఆగలేదు. ప్రియదర్శిని గుమ్మంలో కూర్చున్న ఇందు దగ్గరికి పోయి, వంగి చేయి పట్టుకుంది.

తర్వాత లేచి, ఏమీ చెప్పకుండా వెళ్ళిపోయింది.